34 ఏళ్లకు పళ్లకు క్లిప్పులా?

ప్రశ్న: నా వయసు 34. కింది ముందు పళ్లు ఒకదాని మీదకొకటి ఎక్కి ఉంటాయి, పైపళ్లు కాస్త ఎత్తు. బ్రష్ చేసినప్పుడల్లా రక్తం వస్తోంది. క్లిప్పులు పెట్టించుకుందామంటే ‘ఈ వయసులో అందం కోసం ఇదంతా అవసరమా’ అంటున్నారు ఇంట్లో. నిజంగా ఉపయోగం ఉంటుందా డాక్టర్ గారూ? – ఒక పాఠకురాలు

జవాబు: అందం కోసమే అనుకున్నా తప్పేం లేదమ్మా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వగలగడం చిన్న విషయమేమీ కాదు.

కానీ మీకు అసలు లాభం కింది పళ్ల దగ్గరుంది. పళ్లు ఎక్కిన చోట బ్రష్ సరిగా అందదు, పాచి అక్కడే ఉండిపోయి గట్టిపడి గార కడుతుంది, చిగురు వాచి రక్తం కారుతుంది. వరస కుదిరితే ఆ సందులు శుభ్రం చేసుకోవడం తేలికవుతుంది. ఎత్తుపళ్ల సంగతంటారా, పడినా, మూతికి దెబ్బ తగిలినా ముందు విరిగేవి సాధారణంగా అవే.

వయసు గురించి టెన్షన్ వద్దు. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుంది. తీగ పంటిని మెల్లగా నెడుతుంటే నెట్టిన వైపు ఎముక కరుగుతూ, వెనక వైపు కొత్త ఎముక పడుతూ ఉంటుంది, ఇది పెద్దవాళ్లలోనూ జరుగుతుంది. కాకపోతే కదలిక నెలకు సుమారు 1 మిల్లీమీటరే కాబట్టి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పట్టొచ్చు. త్వరగా అయిపోవాలని డాక్టర్‌ని తొందరపెట్టకండి, బలం ఎక్కువైతే పంటి వేళ్లు అరిగిపోయే ప్రమాదం ఉంది.

అయితే ముందు ఆ రక్తం సంగతి చూడాలి. గార తీయించుకోండి, చిగురుకీ పంటికీ మధ్య సందు ఎంత లోతుందో కొలవమనండి, ఎక్స్‌రేలో ఎముక ఎలా ఉందో చూపించమనండి. చిగుళ్ల జబ్బు తగ్గకుండా పళ్లు కదిపితే ఉన్న ఎముక కూడా పోతుంది. క్లిప్పులు పెట్టాక వాటి చుట్టూ పాచి నిలిస్తే పంటి మీద తెల్లమచ్చలు పడతాయి, అవి చాలావరకు అలాగే ఉండిపోతాయి. తీగ కిందకు దూరే సన్న బ్రష్ ఒకటి తప్పనిసరిగా దగ్గర పెట్టుకోండి.

క్లిప్పులు తీసేశాక పళ్లు మళ్లీ పాత చోటికే జరగాలని చూస్తాయి. అందుకే రిటైనర్, అంటే పళ్లను కొత్త చోటే నిలిపి ఉంచే పరికరం. మొదట్లో డాక్టర్ చెప్పినన్ని గంటలు, తర్వాత ఏళ్ల తరబడి రాత్రిపూట పెట్టుకోవాలి, లేదా పళ్ల వెనక సన్న తీగ అతికించుకోవాలి. ఏది ఇస్తారో మొదలుపెట్టకముందే అడగండి. అన్నేళ్లు వాడే ఓపిక లేదనిపిస్తే మాత్రం ఇప్పటికి చిగుళ్ల వైద్యంతోనే సరిపెట్టుకోండి.