వాసన ప్రొటీన్లు ఒళ్లంతా ఉంటే ఉన్నాయి గానీ, ముందు ముక్కు సంగతి చూడండి

ప్రశ్న: "వాసన పట్టే ప్రొటీన్లు ముక్కులోనే కాకుండా కిడ్నీల్లో, చర్మంలో, వీర్యకణాల్లో కూడా ఉన్నాయని చదివాను. అంటే మన ఒళ్లంతా వాసన చూస్తుందా?"

చూడదండీ. ఆ ప్రొటీన్లు అక్కడ ఉన్నమాట నిజమే. కానీ స్విచ్ ఎక్కడైనా స్విచ్చే, దాని వైరు ఎక్కడికి పోయిందన్నదే లెక్క. ఒకటి నొక్కితే హాల్లో లైటు వెలుగుతుంది, అలాంటిదే ఇంకొకటి నొక్కితే పెరట్లో బోరు మోటారు తిరుగుతుంది. ముక్కు పైభాగంలో ఉండే నరకణం వైరు నేరుగా మెదడుకు పోతుంది కాబట్టి మనకు "అబ్బ, ఎవరింట్లోనో ఇంగువ పోపు" అనిపిస్తుంది. కిడ్నీకి ఇంగువా తెలియదు, మురుగూ తెలియదు.

ఇదేమీ నిన్న మొన్న బయటపడ్డ వింత కూడా కాదు. ఈ ప్రొటీన్ల జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో పట్టుకున్నారు, 2004లో నోబెల్ తీసుకున్నారు. 1992లోనే బెల్జియం వాళ్లు అదే కుటుంబం జన్యువులు వృషణాల్లో పనిచేస్తున్నాయని చూపించారు. 2003లో జర్మనీలోని బోకుమ్ బృందం, బర్జినాల్ అనే పూల వాసన రసాయనం వైపు వీర్యకణాలు ఈదుతున్నాయంటే పత్రికలన్నీ ఎగబడ్డాయి. 2012లో ఇంకో జర్మన్ బృందం, ఆ రసాయనం పనిచేసేది వాసన ప్రొటీను మీద కాదు, వీర్యకణం తోకలో ఉండే క్యాట్‌స్పర్ అనే కాల్షియం ద్వారం మీద నేరుగా అని తేల్చింది. ఆ వార్త నాకు ఎక్కడా పెద్దగా కనపడలేదు. మొదటిది మాత్రం ఇప్పటికీ "మీకు తెలుసా?" వీడియోల్లో తిరుగుతూనే ఉంది.

నాకు వాటిలో నమ్మకంగా అనిపించేది కిడ్నీ కథ. మనం తిన్న పీచును పేగుల్లోని బ్యాక్టీరియా పులియబెడితే ప్రొపియోనేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. అవి రక్తంలోకి చేరతాయి. జాన్స్ హాప్‌కిన్స్‌లో జెన్నిఫర్ ప్లజ్నిక్ బృందం 2013లో ఎలుకల మీద చూపించిందేమిటంటే, కిడ్నీలోని ఓఎల్ఎఫ్ఆర్78 అనే వాసన ప్రొటీను ఈ ఆమ్లాలను పట్టుకుని, బీపీని పెంచే పనిని మొదలుపెట్టే రెనిన్ అనే ఎంజైమును వదిలిస్తుంది, దాంతో బీపీ పైకి జరుగుతుంది. ఇంకో ప్రొటీను దాన్ని కిందికి లాగుతుంది. మనుషుల్లో ఓఎల్ఎఫ్ఆర్78కి జోడీ ఓఆర్51ఈ2. ప్రొస్టేట్‌లో ఎక్కువగా ఉండేదీ ఇదే. ప్రొపియోనేట్‌ను ఇది ఎలా ఒడిసిపట్టుకుంటుందో 2023లో అణువుల స్థాయిలో బొమ్మ కట్టారు. మనిషి వాసన ప్రొటీను ఆకారం అంత స్పష్టంగా దొరకడం అదే మొదలు. బక్, యాక్సెల్ తర్వాత ముప్పై ఏళ్లు పైనే పట్టిందన్నమాట.

చర్మం సంగతికొస్తే నాకు ఒళ్లు మండుతుంది. చర్మకణాల్లో ఓఆర్2ఏటీ4 అనేది ఉంది. సాండలోర్ అనే రసాయనం తగిలితే ఆ కణాలు చురుగ్గా పెరిగి గాయం మూసుకోవడానికి సాయపడతాయని 2014లో ల్యాబులో చూశారు. 2018లో వెంట్రుకల కుదుళ్ల మీద కూడా చేశారు. సాండలోర్ అంటే ఫ్యాక్టరీలో తయారైన గంధపు వాసన రసాయనం, చెట్టు నుంచి వచ్చే గంధం నూనె కాదు. అయినా మొన్న ఒకాయన మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "సైన్స్ ఒప్పుకున్న చందన తైలం, బట్టతలకి" అని చిన్న సీసా రేటు పెట్టాడు. అడిగితే నన్నే గ్రూపులోంచి తీసేశారు.

సరే, ఒంట్లో ఎక్కడెక్కడో ఉన్నవాటి గురించి ఇంత ఆరా తీస్తాం గానీ, ఉండాల్సిన చోట అవి పనిచేయకపోతే మాత్రం మనవాళ్లకు పట్టదు. నేను అసలు చెప్పాలనుకున్నది ఇది.

మా మేనత్తది తణుకు దగ్గర పల్లెటూరు. ఆవిడ కాచిన నెయ్యికి మా చుట్టాల్లో ఒక పేరుంది. వెన్న పొయ్యి మీద పెట్టి వచ్చి వీధరుగు మీద కూర్చునేది. లోపల చిటపటలు తగ్గుతుంటే ఒకసారి తల అటు తిప్పి, "ఆఁ, మునగాకు వేసి దింపెయ్యండే" అని కేక వేసేది. గిన్నె వైపు చూసేదే కాదు. అడుగున గసి సరిగ్గా బెల్లం రంగులో ఉండేది, దాన్లో పంచదార కలుపుకోవడానికి మేం కొట్టుకునేవాళ్లం.

2021లో అత్తయ్యకీ మావయ్యకీ కరోనా వచ్చి తగ్గింది. తర్వాత నేను వెళ్లినప్పుడు, అత్తయ్య పొయ్యి పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పెరట్లో ఉన్న మావయ్య పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆపాడు. గిన్నె అడుగు బొగ్గు. వంటింట్లో పొగ కళ్లు మండేట్టు ఉంది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ "ఈ మధ్య పాలు కల్తీవి వస్తున్నాయి, వెన్న ఊరికే మాడిపోతోంది" అంది.

"అత్తా, నీకు వాసన తెలుస్తోందా?" అన్నాను.

"ఎందుకు తెలీదురా! ఇదిగో" అని అమృతాంజనం డబ్బా మూత తీసి గట్టిగా పీల్చింది. "ఘాటు తెలుస్తోందిగా?"

అక్కడే చాలామంది పొరబడతారు. అమృతాంజనం ఘాటు పట్టేది వాసన ప్రొటీన్లు ఒక్కటే కాదు. మెంథాల్‌కు చలువను గుర్తుపట్టే వేరే ప్రొటీను ఉంది, టీఆర్‌పీఎం8 అంటారు. అది ముఖం నుంచి వెళ్లే త్రిధార నాడిలో ఉంటుంది. చలికి, మెంథాల్‌కు స్పందించేది అదేనని 2002లో కనిపెట్టిన వాళ్లలో డేవిడ్ జూలియస్ ఒకరు, వేడిని పట్టే ప్రొటీను మొదలు ఇలాంటి పనికే ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. కర్పూరం ఘాటు కూడా ఆ దారినే చాలావరకు పోతుంది. అంటే వాసన మొత్తం పోయిన మనిషికీ అమృతాంజనం "తెలుస్తుంది". ఆ రోజుల్లో కర్పూరం, వాము, లవంగాలు మూటకట్టి పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తెగ తిప్పారు కదా. దాంతో ఆక్సిజన్ పెరగలేదు సరికదా, ముక్కు బాగానే ఉందన్న భ్రమ మాత్రం మిగిలింది. నేను కాఫీ పొడి సీసా ఆవిడ కళ్లు మూసి ముక్కు దగ్గర పెట్టాను. "ఏముంది ఇందులో, ఖాళీదా?" అంది. అప్పుడు ఏడ్చింది.

పట్నంలో ముక్కు డాక్టరుకు చూపించాం, పేరెందుకు. "వాసనే కదమ్మా, అదే వస్తుంది" అని ఏదో స్ప్రే రాసి పంపాడు. కళ్లకు అక్షరాల బోర్డు ఉంది, చెవులకు మిషన్ ఉంది, ముక్కుకు చాలా క్లినిక్‌లలో ఒక లవంగం కూడా పెట్టి అడగరు. పార్కిన్సన్స్ జబ్బులో చేతులు వణకడానికి ఏళ్ల ముందే వాసన తగ్గొచ్చని తెలిసీ అడగరు. వయసుతో చాలామందికి ఎంతోకొంత తగ్గుతుంది కూడా. "కోడలి వంటకి రుచీ పచీ లేదు" అనే అత్తగార్లలో సగం మందికి ముక్కు పరీక్ష చేయించాలని నా గట్టి అభిప్రాయం.

కరోనా వైరస్ ప్రధానంగా చేరేది వాసన నరకణాల్లో కాదు, వాటిని ఆనుకుని ఉండే సహాయక కణాల్లో. వైరస్‌కు కావాల్సిన తలుపు, ఏసీఈ2, వాటికే ఉంది. కానీ పక్కన ఆ రభస జరుగుతుంటే నరకణాలు తమ వాసన జన్యువులను కట్టేసుకుంటాయని 2022లో చూపించారు. మంచి విషయమేమిటంటే ఈ కణాలు జీవితాంతం కొత్తవి పుడుతుంటాయి. మనకు పనిచేసే వాసన జన్యువులు సుమారు 400, ఒక్కో కణం వాటిలో ఒక్కటే ఎంచుకుంటుంది. కొత్తవి మెదడుకు మళ్లీ దారి వేసుకోవాలి. ఆ దారులు కుదిరేలోపు వాసనలు వికటిస్తాయి. అత్తయ్యకు కొన్నాళ్లకు వాసన వచ్చింది గానీ కాఫీ కుళ్లినట్టు, వేగిన ఉల్లిపాయ మురుక్కాలవలా వచ్చింది. పిచ్చి పట్టిందేమోనని ఊళ్లో గుసగుసలాడారు. కాఫీలో ఉండే ఒక గంధక రసాయనం చాలామందిలో దీన్ని రేపుతుందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ తర్వాత అచ్చువేశారు.

మేం చేసిందల్లా జర్మనీ డాక్టరు థామస్ హమ్మెల్ 2009లో చెప్పిన సాధన. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, రోజూ పొద్దున, సాయంత్రం ఒక్కోటి కాసేపు నెమ్మదిగా వాసన చూడాలి. 12 వారాలు. గులాబీకి అత్తరు వాడాం. ఆవిడ అయిదోదిగా నెయ్యి కలుపుకుంది. ఇప్పుడు చాలావరకు వచ్చింది, నీలగిరి ఇంకా సరిగ్గా అందదు. సాధన వల్ల వచ్చిందా, దానంతటదే వచ్చిందా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఒక్క మనిషిని చూసి అది తేల్చి చెప్పలేం.

ఇంట్లో ఎవరికైనా వాసన తెలియకపోతే ముందు గ్యాస్ లీకు అలారం కొనండి. సిలిండర్ వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు, లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ముక్కు పనిచేయని మనిషికి అది కలిపినా కలపకపోయినా ఒకటే. అలారాన్ని నేలకు దగ్గరగా బిగించమనండి, ఆ గ్యాస్ గాలికంటే బరువు. మా అత్తయ్య ఇంట్లో ఎలక్ట్రీషియన్ దాన్ని పైన, ట్యూబ్‌లైటు పక్కన పెట్టి డబ్బులు తీసుకుపోయాడు. మావయ్య మళ్లీ పిలిపించి కిందికి మార్పించాడు.