ఏడు తలలకు పది కొమ్ములు ఎలా పంచాలి?

ప్రశ్న: బైబిలు చివరి భాగమైన ప్రకటన గ్రంథం చదువుతూ, పిల్లలకు చూపిద్దామని పాత బొమ్మలు వెతికాను. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ వేసిన ఒకదానిలో దేవదూతకు కాళ్ల బదులు రెండు స్తంభాలున్నాయి. పిల్లలు పగలబడి నవ్వారు. అంత పెద్ద చిత్రకారుడు అలా ఎందుకు వేశాడు? ఈ దర్శనాల్ని సరిగ్గా వేసిందెవరు?

జవాబు: పిల్లల్ని నవ్వనివ్వండి, తప్పేం లేదు. ఆయన పదో అధ్యాయంలోని దూత. మేఘం కప్పుకున్నాడు, ముఖం సూర్యుడిలా ఉంది, కాళ్లు అగ్నిస్తంభాల్లా ఉన్నాయి అంటాడు ఈ దర్శనాలు రాసిన యోహాను. రాసేవాడు పోలిక చెప్పి తప్పుకోవచ్చు. గీసేవాడికి ఆ సుఖం లేదు. కాళ్లయినా వేయాలి, స్తంభాలయినా వేయాలి. డ్యూరర్ స్తంభాలే వేశాడు. నడుముండాల్సిన చోట మేఘం పెట్టి ఊరుకున్నాడు.

నేను డ్రాయింగ్ నేర్పే రోజుల్లో పదమూడో అధ్యాయం మొదట్లోని వచనాలు చదివి వినిపించి, సముద్రంలోంచి వచ్చే మృగాన్ని వేయమనేవాణ్ణి. ఏడు తలలు, పది కొమ్ములు, కొమ్ములమీద పది కిరీటాలు, చిరుతపులి ఒళ్లు, ఎలుగుబంటి పాదాలు, సింహం నోరు. కాసేపటికే తగవు మొదలయ్యేది. పది కొమ్ముల్ని ఏడు తలలకు ఎలా పంచాలి? మూడు తలలకు రెండేసి, మిగతా నాలుగింటికి ఒక్కొక్కటి ఇస్తే లెక్క కుదురుతుంది. కానీ లెక్క కుదిరిన బొమ్మ ఎవర్నీ భయపెట్టేది కాదు. చూసేవాడు కూడా కొమ్ములు లెక్కపెట్టడంలో పడిపోతాడు మరి!

డ్యూరర్ ఈ చిక్కులోంచి బయటపడ్డ బొమ్మ ఒకటుంది. మీ పిల్లలకు ఈసారి అది చూపించండి: నలుగురు రౌతులు. 1498లో, 27 ఏళ్ల వయసులో, నురెంబర్గ్‌లో తనే ప్రచురించిన 15 చెక్క అచ్చు బొమ్మల్లో అదొకటి. గ్రంథంలో ఒక చుట్టకు వేసిన ముద్రలు ఒక్కొక్కటే విప్పుతుంటే రౌతులు ఒక్కొక్కరే వస్తారు. ఫ్రాన్స్‌లో ఆంజే కోటలో ఉన్న 14వ శతాబ్దపు నేత తెరల్లో కూడా ఒక్కో రౌతుకు ఒక్కో చట్రం. (ఆ తెరలు ఇప్పటికీ దాదాపు వంద మీటర్లు మిగిలాయి. ఫ్రెంచి విప్లవం తర్వాత వాటిని ముక్కలు చేసి, చలికి నారింజ చెట్లమీద కప్పారు కూడా.) డ్యూరర్ నలుగుర్నీ ఒకే చట్రంలోకి తోలాడు. విల్లు, కత్తి, త్రాసు పట్టుకున్న ముగ్గురూ బలిసిన గుర్రాలమీద ఉంటారు. అందరికన్నా ముందు, కింద మూలన, ఎముకలు తేలిన గుర్రంమీద ఎముకలు తేలిన ముసలివాడు. అతనే మరణం. అతని పక్కనే పాతాళం నోరు తెరుచుకుని ఒక కిరీటధారిని మింగుతుంటుంది. పడిపోయేవాళ్లకు లేవడానికి జాగా లేదు. చెక్క అచ్చులో తెల్లగా ఉండాల్సినదంతా ఉలితో తొలిచేయాలి, నల్లగీత గట్టులా మిగలాలి. ఆ ఆకాశంలోని అడ్డగీతలు ఒకసారి చూడండి, గుర్రాల ఊపంతా వాటిలోనే ఉంది.

మూడు వందల ఏళ్ల తర్వాత ఇంగ్లండులో విలియం బ్లేక్ ఇంకో దారి పట్టాడు. పన్నెండో అధ్యాయంలోని ఎర్రని ఘటసర్పాన్ని నీటిరంగుల్లో వేస్తూ దాన్ని వెనకనుంచి చూపించాడు. బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మలో ముందు మన కళ్లకు తగిలేవి కండలు తిరిగిన వీపు, రెక్కలు, తోక. తలల లెక్క తర్వాతి సంగతి. కింద సూర్యుణ్ణి ధరించిన స్త్రీ దాన్ని ముఖాముఖి చూస్తోంది. మనకు ఆ ముఖం దక్కదు. సరిగ్గా వేసిందెవరని అడిగారు కదా, నా ఓటు బ్లేక్‌కే.

ప్రశ్న: అందరూ మృగాల్నీ మంటల్నీ వేస్తారు. గ్రంథం చివర్లో పరలోకంనుంచి దిగివచ్చే నగరం, కొత్త యెరూషలేమును వేసినవాళ్లు లేరా?

జవాబు: ఉన్నారు. నాకు బాగా నచ్చింది పదో శతాబ్దపు స్పెయిన్‌లో మాయియుస్ అనే లేఖకుడు వేసింది. బెయాతుస్ అనే సన్యాసి ఎనిమిదో శతాబ్దంలో ప్రకటన గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. మాయియుస్ ప్రతి దానికే, ఇప్పుడది న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో ఉంది. నగరం పొడవు, వెడల్పు, ఎత్తు సమానం అంటుంది గ్రంథం. ఆయన ఎత్తు జోలికే పోలేదు. గోడల్ని నాలుగువైపులా విప్పిన అట్టపెట్టెలా పరిచి, వైపుకు మూడు చొప్పున పన్నెండు గుమ్మాలు పెట్టి, మధ్యలో క్రీస్తుకు గుర్తైన గొఱ్ఱెపిల్లనూ కొలకర్ర పట్టిన దూతనూ నిలబెట్టాడు.

ఇంగ్లిషు చిత్రకారుడు జాన్ మార్టిన్ 1850ల్లో పరలోక మైదానాల్ని భారీ కాన్వాసుమీద వేశాడు. అందంగానే ఉంటుంది, కానీ పక్కన అదే చిత్రకారుడు కొండల్ని తలకిందులు చేసిన ఉగ్రత దినం ఉంటే ఎవరి చూపు ఎటు పోతుంది?

ఇక జేమ్స్ హాంప్టన్ ఉన్నాడు. వాషింగ్టన్‌లో రాత్రిపూట ఆఫీసులు శుభ్రం చేసే ఉద్యోగి. ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని పాత కుర్చీలు, బల్లలు, అట్టలు, కాలిపోయిన బల్బులకు వెండి, బంగారు రంగు రేకు చుట్టి, ప్రకటన గ్రంథంలోని సింహాసనాన్ని ఏళ్ల తరబడి కట్టాడు. 1964లో ఆయన పోయాక గ్యారేజీ యజమాని తలుపు తెరిస్తే అది బయటపడింది. ఇప్పుడు అదే నగరంలో స్మిత్సోనియన్ వారి అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: ఈ బొమ్మల్లోకి రాజకీయం రాలేదా?

జవాబు: రాకుండా ఉంటుందా! పోపును ఎదిరించిన జర్మన్ మతసంస్కర్త లూథర్‌కు ఈ గ్రంథంమీద పెద్ద గురి లేదు. 1522 సెప్టెంబరులో తను జర్మన్ భాషలో తెచ్చిన కొత్త నిబంధన ముందుమాటలో ఆ మాట రాశాడు కూడా. అయినా అందులో పేజీనిండా బొమ్మలున్నది దీనికొక్కదానికే. చిత్రకారుడు క్రనాఖ్, ఆయన శిష్యులు వేసిన 21 బొమ్మల్లో, పాపపు నగరానికి గుర్తుగా మృగంమీద కూర్చున్న బబులోను స్త్రీ తలమీద పోపు పెట్టుకునే మూడంతస్తుల కిరీటం ఉంది. గొడవైంది. డిసెంబరు ముద్రణకు పై అంతస్తులు ఎగిరిపోయి మామూలు కిరీటం మిగిలింది. చెక్కలో తీసేయడం ఎప్పుడూ సులువే. 1534లో లూథర్ పూర్తి బైబిలుకు కొత్త బొమ్మలు చెక్కినప్పుడు ఆ మూడంతస్తులూ మళ్లీ వచ్చేశాయి.