టీసీ దరఖాస్తు మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బాబుకు ఏడేండ్లు, ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. పక్క పిల్లవాడిని పెన్సిల్‌తో గుచ్చిండని పది రోజులు పంపొద్దన్నరు. గడువు అయినంక తీసుకపోతే గేటు కాడనే ఆపి, ఒక కాగితం మీద సంతకం పెట్టి టీసీ తీసుకపొమ్మంటున్నరు. ఏం చేయాలె సార్?

జవాబు: ముందు ఆ సంతకం ఆపండి. మిగతావన్నీ తర్వాత.

మీ బాబును బడిలోంచి తీసేసే అధికారం ఆ స్కూలుకు లేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ తొలగించకూడదని 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెబుతోంది. 2019లో దాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైనవాళ్లను అదే తరగతిలో ఆపే వీలు ప్రభుత్వాలకు ఇచ్చారు. తొలగింపు మీద నిషేధం మాత్రం 16(4)గా అలాగే ఉంది. అల్లరి చేశాడని, కొట్టాడని, ఫీజు బాకీ ఉందని, ఏ కారణానికీ అందులో మినహాయింపు లేదు.

యాజమాన్యాలకు ఈ సంగతి తెలుసు. అందుకే తీసేశామని వాళ్లు రాసివ్వరు, మానేస్తున్నామని మీ చేత రాయిస్తారు. ఆ కాగితం నిదానంగా చదవండి. 'సొంత కారణాల వల్ల టీసీ కోరుతున్నాము' వంటి వాక్యం ఉంటుంది. దాని కింద సంతకం పడితే, బాబును మీరే మాన్పించుకున్నట్టు లెక్క. తర్వాత ఏ ఆఫీసుకు పోయినా ముందుగా ఆ కాగితమే చూపిస్తారు.

సస్పెన్షన్ సంగతి వేరు. ఆ చట్టంలో దాని ప్రస్తావనే లేదు. ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉంచమన్నంత మాత్రాన కేసు నిలవడం కష్టం. గడువు దాటినా లోపలికి రానివ్వకపోతే మాత్రం అది పేరు మార్చిన తొలగింపేనని గట్టిగా వాదించవచ్చు. పిల్లవాడిని అందరిముందు అవమానించి ఉంటే సెక్షన్ 17 కింద మానసిక వేధింపు కూడా అవుతుంది.

మీకు అసలు ముప్పు హాజరు పట్టీతో ఉంది. రోజూ ఆబ్సెంట్ పడుతుంటే, 'వాడే రావడం లేదు, పేరు కొట్టేశాం' అనడానికి దారి దొరుకుతుంది. కాబట్టి రోజూ బెల్లు టైముకు యూనిఫాం వేసి తీసుకుపోండి. ఆపితే అక్కడే నిలబడి స్కూలు నంబరుకు వాట్సాప్ పెట్టండి: 'ఈ రోజు ఉదయం ఇన్ని గంటలకు మా బాబును తీసుకొచ్చాము, గేటు దగ్గర ఆపారు.' తేదీ, టైము దానికదే పడుతుంది.

ఆ వెంటనే హెడ్మాస్టరుకు అర్జీ ఇవ్వండి. టీసీ మేము అడగలేదని, సెక్షన్ 16(4) ప్రకారం తరగతిలో కూర్చోనివ్వాలని, బాబు ప్రవర్తన గురించి టీచరుతో కూర్చొని మాట్లాడడానికి సిద్ధమని రాయండి. ఈ చివరి మాట మొక్కుబడిగా రాయకండి. గుచ్చించుకున్న పిల్లవాడికీ తల్లిదండ్రులున్నారు, వాళ్ల భయం న్యాయమైనదే. తల్లిదండ్రులతో మాట్లాడే బాధ్యతను టీచర్ల మీద సెక్షన్ 24 పెట్టింది, అడిగే హక్కు మీకుంది. అర్జీ రెండో కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

స్కూలు దిగిరాకపోతే మండల విద్యాధికారికి (ఎంఈవో) ఫిర్యాదు, నల్లగొండ జిల్లా విద్యాధికారికి (డీఈవో) కాపీ. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ ఇవ్వండి. సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు, అంటే మీ మున్సిపాలిటీకి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. ఏడేండ్ల పిల్లవాడికి మూడు నెలలంటే చాలా ఎక్కువ. అధికారులు కదలకపోతే, వాళ్లను ఆదేశించమంటూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. పైన చెప్పిన అర్జీలు, రసీదులు అప్పుడే పనికొస్తాయి.

అర్జీ రాసేముందు ఆ స్కూలుకు మైనారిటీ హోదా ఉందేమో కనుక్కోండి. ఉంటే, 2014 నాటి సుప్రీంకోర్టు ప్రమతి తీర్పు ప్రకారం ఈ చట్టం దానికి వర్తించదు, దారి మార్చుకోవాలి. ఆరేండ్లు నిండని ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకూ సెక్షన్ 16 రక్షణ లేదు. చట్టంలో ఇది పెద్ద లోటు.

చివరికి బాబును వేరే బడికి మార్చాలని మీకే అనిపిస్తే, అక్కడ సీటు ఖాయమయ్యాకే టీసీ అడగండి. సర్కారు బడి అయితే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండడానికి సెక్షన్ 5 ఒప్పుకోదు.