బోయర్ యుద్ధం (దక్షిణాఫ్రికా, 1899-1902) సీసపు బొమ్మ సైనికుల మీద తెల్ల పొడి: సమాధానం

కొత్త ఓక్ చెక్క షోకేసులో పెట్టిన పాత సీసపు బొమ్మ సైనికుల మీద తెల్ల పొడి వస్తోందని, తుడిచినా మళ్లీ వస్తోందని అడిగారు. దానికి కారణం చాలావరకు ఆ షోకేసే. బూజు కాదది, సీసమే తుప్పుపట్టి పొడి అవుతోంది. ఓక్, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం, ఆవిరి వదులుతాయి. తలుపు బిగుతుగా ఉంటే అది లోపలే పోగవుతుంది. బ్రిటన్స్ అనే ఇంగ్లండ్ బొమ్మల కంపెనీ 1893 నుంచి పోతపోసిన బొమ్మలు లోపల బోలు. సీసం పలచన, తొందరగా దెబ్బతింటాయి.

1. పొడి పట్టినవాటిని వేరుచేయండి. గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి, ఆ పొడి విషం.

2. తడి కాగితం పరిచి, మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదొద్దు. వెనిగర్ జోలికి అసలు పోవద్దు.

3. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. శుభ్రం చేసి మళ్లీ అదే షోకేసులో పెట్టేస్తారు! గాజు, మెటల్ అరలకు మార్చండి. చెక్కకు వార్నిష్ కొట్టి సరిపెట్టుకుందామంటే కుదరదు. గాజు అతికించిన సిలికాన్ ఘాటుగా వెనిగర్ వాసన కొడితే అదీ శత్రువే, న్యూట్రల్ క్యూర్ రకం (ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదలనిది) వాడండి.

4. షోకేసు గాలిలో తేమ 50 శాతం లోపు ఉండాలి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు చాలు.

బొమ్మలతో వచ్చిన పాత అట్టపెట్టె ఉంటే విడిగా దాచండి, అట్ట కూడా ఆమ్లం వదులుతుంది. ఖాకీ రంగు లేచిపోయిన చోట కొత్త పెయింట్ మాత్రం వేయకండి. కలెక్టర్లు పెచ్చులు లేచిన పాత రంగునే ఇష్టపడతారు, నేనూ అంతే.