పిహెచ్‌పి ఇన్‌క్లూడ్: ఫైలు ఉన్నా దొరకడం లేదంటే?

ప్రశ్న: మా సైటులో హెడర్ ఫైలు ‘ఇన్‌క్’ ఫోల్డర్‌లో ఉంది. అందులో ‘../కాన్ఫిగ్.పిహెచ్‌పి’ని ఇన్‌క్లూడ్ చేశాను (అంటే ఆ ఫైలులోని కోడ్‌ను ఇందులోకి కలిపాను). అడ్మిన్ ఫోల్డర్‌లోని పేజీలు బాగానే వస్తున్నాయి. హోమ్ పేజీలో మాత్రం డేటాబేస్ వేరియబుల్ లేదంటూ ఎర్రర్. రెండూ వాడేది ఒకే హెడర్ కదా?

జవాబు: హెడర్ ఒకటే గానీ, దారి లెక్క మొదలయ్యే చోటు వేరు. చుక్కలతో మొదలయ్యే పాత్‌ను పిహెచ్‌పి ఆ లైను రాసి ఉన్న ఫైలు నుంచి లెక్కపెట్టదు. ప్రస్తుత డైరెక్టరీ (ఫోల్డర్) ఏదైతే అక్కణ్నుంచి చూస్తుంది. వెబ్ సర్వర్‌లో మామూలుగా అది బ్రౌజర్ అడిగిన పేజీ ఉన్న ఫోల్డర్. ‘../’ అంటే ఒక మెట్టు పైకి. అడ్మిన్ నుంచి ఒక మెట్టు ఎక్కితే సైటు రూట్ (సైటు ప్రధాన ఫోల్డర్) వస్తుంది, కాన్ఫిగ్ అక్కడే ఉంది. హోమ్ పేజీ ఉన్నదే రూట్‌లో. అక్కణ్నుంచి మెట్టెక్కితే సైటు దాటి బయటికి పోయినట్టే. అనుమానం తీరాలంటే హెడర్ మొదట్లో ‘ఎకో గెట్‌సీడబ్ల్యూడీ();’ అని పెట్టి రెండు పేజీలూ తెరిచి చూడండి, ప్రస్తుత డైరెక్టరీ ఏదో కనబడుతుంది.

లైనును ఇలా మార్చండి:

రిక్వైర్_వన్స్ __డిఐఆర్__ . '/../కాన్ఫిగ్.పిహెచ్‌పి';

__డిఐఆర్__ అంటే ఆ లైను ఉన్న ఫైలు తాలూకు ఫోల్డర్, ఎవరు పిలిచినా మారదు. దాని చివర స్లాష్ ఉండదు కాబట్టి కోట్ లోపల మొదటి స్లాష్ తప్పనిసరి. అది మరిచిపోతే పాత్ ‘ఇన్‌క్../కాన్ఫిగ్’ అని అతుక్కుపోతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇన్‌క్లూడ్ బదులు రిక్వైర్ ఎందుకంటే, ఫైలు దొరక్కపోతే ఇన్‌క్లూడ్ ఒక వార్నింగ్‌తో సరిపెట్టి ముందుకెళ్లిపోతుంది. అందుకే మీకు ఎర్రర్ ఎక్కడో కింది లైనులో కనబడింది. రిక్వైర్ అక్కడికక్కడే ఆపేస్తుంది. క్రాన్‌లో (చెప్పిన వేళకు స్క్రిప్టులను తనంతట నడిపే ఏర్పాటు) నడిచే స్క్రిప్టులకూ ఇదే మందు. క్రాన్ మామూలుగా యూజర్ హోమ్ డైరెక్టరీ నుంచి మొదలవుతుంది.

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లో నడిచిన సైటు లినక్స్ సర్వర్‌లో ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. ఫైలు అక్కడే ఉంది.

జవాబు: ముందు పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు చూడండి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఫోల్డర్ పేర్లూ సరిచూడండి. గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాధనం) వాడుతుంటే, విండోస్‌లో పేరులోని పెద్దబడి, చిన్నబడి తేడా ఒక్కటే మారిస్తే గిట్ అది గమనించకపోవచ్చు, ‘గిట్ ఎంవీ’తో పేరు మార్చండి. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే మాత్రం సంగతి వేరు: మామూలు హోస్టింగ్‌లో అనుమతుల అంకెలు ఫైలుకు 644 (యజమాని రాయొచ్చు, మిగతావారు చదవడమే), దారిలోని ప్రతి ఫోల్డర్‌కు 755 (మిగతావారు లోపలికి వెళ్లొచ్చు, మార్చలేరు) సరిపోతాయి. ఫోల్డర్‌కు ఎగ్జిక్యూట్ (లోపలికి వెళ్లే) అనుమతి లేకపోతే లోపలి ఫైలుకు ఎన్ని అనుమతులిచ్చినా తెరుచుకోదు. 777 (అందరికీ అన్ని అనుమతులూ) మాత్రం పెట్టొద్దు.