‘ఇన్నోవేటివ్ కంపెనీలు వెతుకుతా’ అంటున్న కొడుకును ఆపాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలున్నాయి. మావాడు బీకాం చివరి ఏడాది. నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కు పంపుదామంటే వద్దంటున్నాడు. ఇన్నోవేటివ్ కంపెనీలను ముందే పట్టుకుంటే చాలంటూ రోజంతా ఫోన్‌లో షేర్ల వీడియోలు చూస్తున్నాడు. ఏదో ఆన్‌లైన్ ట్రేడింగ్ కోర్సుకు ఫీజు కట్టమని గొడవ. ఎంబీఏ ఫైనాన్స్ మంచిదా, సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణ మీద అంతర్జాతీయ పరీక్షలు) మంచిదా? మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో సెటిలయ్యాడు. మాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగింది ఎంబీఏనా, సీఎఫ్‌ఏనా అని. ఉత్తరమంతా చదివితే కనిపించే భయం వేరు. గుంటల మీద సంపాదించింది పిల్లాడు షేర్లలో పోగొడతాడేమో, నలుగురిలో మాట పడాల్సి వస్తుందేమో అని. ఒంగోలు, కందుకూరు, నెల్లూరు నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే భయం. అందులో సగం న్యాయమైనదే.

ముందు ఆ సగం. ట్రేడింగ్ కోర్సుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది: ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (ధర ముందు ముందు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదాని మీద చేసుకునే ఒప్పందాలు) దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. ఈ లెక్క తెలిసి కూడా ఇరవై ఏళ్ల పిల్లలకు ‘ఇంట్లో కూర్చుని నెలకు లక్ష’ అని ఆశ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంత బాగా సంపాదించే కిటుకు చేతిలో ఉంటే ఫీజులు వసూలు చేసుకోవాల్సిన అవసరమేమిటి? ఈ దారి మీద నాకున్న అనుమానం ఇప్పట్లో తీరేది కాదు. అబ్బాయికి ఈ పేరా చదివి వినిపించండి.

ఇక రెండో సగం. అబ్బాయి పట్టుకున్న ప్రశ్న మాత్రం చాలా మంచిది. ఒక కంపెనీలో కొత్తదనం ఉందని ఎలా తెలుస్తుంది, అది మదుపరికి ఎందుకు అవసరం అన్నది. దీని జవాబు మీ గుంటల్లోనే ఉంది. తొంభైల మధ్యలో తెల్లమచ్చ జబ్బు వచ్చి టైగర్ రొయ్య రైతుల్ని ఎలా ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక కోస్తా సాగు రూపమే మారిపోయింది. మారింది ఒక్క రొయ్యే కాదు. జబ్బుల్లేని తల్లి రొయ్యల్ని బయటి దేశాల నుంచి తెచ్చి చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టడం, పిల్లల్ని పొదిగించే హేచరీలు, మేత, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు, అన్నీ వరసగా మారాయి. థాయ్ యూనియన్ తోడుతో మేత తయారుచేసే అవంతి ఫీడ్స్ ఈ మార్పును అందిపుచ్చుకుంది, షేరు ఎన్నో రెట్లు పెరిగింది. అలాగని 2017 చివర్లో కొన్నవాళ్లు బాగుపడలేదు. 2018లో రొయ్య ధర పడిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, ఆ ఏడాది ఆ షేరు సగానికి పైగా పడింది. కంపెనీ అదే, మేత అదే, కొన్న ధరే వేరు. (కొనమనీ అమ్మమనీ చెప్పడం లేదు.)

కనిపెట్టినంత మాత్రాన కూడా సరిపోదు. డిజిటల్ కెమెరా తొలి నమూనా 1975లో కొడాక్ ఇంజనీరే చేశాడు. ఫిల్మ్ అమ్మకాలు దెబ్బతింటాయన్న భయంతో కంపెనీ దాన్ని గట్టిగా ముందుకు తీసుకెళ్లలేదు, 2012లో దివాలా పిటిషన్ వేసింది. మన డాక్టర్ రెడ్డీస్ 1997లో తను కనిపెట్టిన మధుమేహ మందు అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సు మీద ఇచ్చింది. భారతీయ కంపెనీ అలా ఇవ్వడం అదే మొదలు. ఆ మందు చివరికి మార్కెట్లోకి రానేలేదు, కంపెనీ మాత్రం నిలబడింది. ఎందుకంటే జెనెరిక్ మందుల (పేటెంట్ తీరిన మందుల) వ్యాపారం దానికి తిండి పెడుతూనే ఉంది. పది ప్రయోగాల్లో ఎనిమిది పోయినా తట్టుకునే శక్తి, పోయినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయని ఓర్పు ఉన్నాయా అన్నది మదుపరి చూడాలి.

ఎక్కడ చూడాలంటారా? మీరు మేత వేసే ముందు, పాతది తిన్నాయో లేదో తెలియడానికి చెక్ ట్రే ఎత్తి చూస్తారు కదా, అలా ఎత్తి చూడాల్సింది కంపెనీ వార్షిక నివేదిక. అందులో బోర్డు నివేదిక వెనక ‘టెక్నాలజీ అబ్సార్ప్షన్’ అని ఒక అనుబంధం ఉంటుంది. పరిశోధనకు ఎంత ఖర్చుపెట్టారో అక్కడ రాయాలని చట్టం చెబుతోంది. ఐదేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకుంటే కొన్ని కంపెనీలు ఏటా అవే వాక్యాలు అచ్చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఇంకో కిటుకు: పరిశోధన ఖర్చును ఆ ఏడాది లాభంలోంచే తీసేయాలి. కాబట్టి దాన్ని కోసేసిన కంపెనీ లాభం వెంటనే పెరిగినట్టు కనిపిస్తుంది, దెబ్బ తెలిసేది నాలుగైదేళ్లకు. ఇది పట్టుకోగలిగినవాడే అనలిస్టు.

ఇప్పుడు మీకో మాట, కాస్త కటువుగానే. బావమరిది కొడుకు గురించి రాశారు గానీ, మీవాడు ఆ ఫోన్‌లో ఏ కంపెనీ గురించి చూస్తున్నాడో, ఎందుకు చూస్తున్నాడో ఒక్కసారైనా పక్కన కూర్చుని అడిగారా? అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. పోలికలతో పిల్లలు దారికి రారండీ, ఫోన్ తీసుకుని ఇంకో గదిలోకి పోతారు.

అడిగారు కాబట్టి కోర్సుల సంగతి. ప్లేస్‌మెంట్లు సరిగా లేని కాలేజీలో లక్షలు పోసి ఎంబీఏ వద్దు. సీఎఫ్‌ఏ మంచిదే, ఉద్యోగం చేసుకుంటూ రాయొచ్చు. ముందు సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం వాళ్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష రాయించండి, ఖర్చు తక్కువ. బ్యాంకు పరీక్షలూ రాయనివ్వండి. అప్పులిచ్చే విభాగంలో చదివేదీ ఈ లెక్కలే. మీవాడు చెడిపోలేదు, గురువు దొరకలేదంతే. కంగారు పడకండి.

ఈ నెల చేయాల్సింది ఇదీ. మీ గుంటలకు మేతో మందో అమ్మే కంపెనీల్లో షేర్ మార్కెట్లో ఉన్నదాన్ని ఒకటి అబ్బాయిని ఎంచుకోమనండి. డబ్బు పెట్టకూడదు. ఐదేళ్ల నివేదికలు చదివి ఆ కంపెనీ మీద నాలుగు పేజీలు రాయాలి. తెలుగులో రాసినా పర్లేదు. మేత గురించి రాసిన చోట తప్పులుంటే మీరే దిద్దండి, ఆ విషయం అతని కంటే మీకే బాగా తెలుసు. దిద్దిన కాగితాలు నాకు పంపండి. సీఎఫ్‌ఏ ఫీజు కట్టాలా వద్దా అన్నది అవి చూశాక చెబుతాను.