మోతాదు వేరు, స్థాయి వేరు

సందేహం: నేను రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదువుతున్నాను. మేకల పెంపకందారుల కోసం రాస్తున్న వ్యాసంలో "యువ పాడి మేకలలో ఈస్ట్రోజెన్ చికిత్స తర్వాత రక్త హార్మోన్ మోతాదులను కొలవడం జరిగింది" అని రాశాను. వాక్యం బాగాలేదని మా మాస్టారు అన్నారు గాని, ఎక్కడ తేడానో చెప్పలేదు. సరిచేయగలరా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: వ్యాకరణం తప్పలేదు, అర్థం జారింది. అన్నిటికన్నా ప్రమాదం 'మోతాదు'తోనే. మోతాదు అంటే లోపలికి ఇచ్చే కొలత. సూదిలో ఎన్ని మిల్లీగ్రాములు వేశారో అది మోతాదు; మెడ సిర నుంచి తీసిన రక్తంలో ఎంత కనబడిందో అది స్థాయి. పాఠ్యపుస్తకాల మాట కావాలంటే 'గాఢత' అనండి. "ఈస్ట్రోజెన్ మోతాదు మిల్లీలీటరుకు ఇన్ని పీకోగ్రాములు (పీకోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు)" అని రాస్తే, అంత ఎక్కించమంటున్నారని చదివే రైతు అనుకోవడంలో తప్పు లేదు.

'చికిత్స' జబ్బుకు. ఇక్కడ మేక ఆరోగ్యంగానే ఉంది కాబట్టి "ఈస్ట్రోజెన్ ఇచ్చాక" అంటే చాలు. 'పాడి మేక' అనగానే మనవాళ్లకు పాలిస్తున్న మేకే తోస్తుంది. మీరు చెబుతున్నవి పాల జాతివే అయినా ఇంకా ఈననివి. ఆ మాటే రాయండి. చూడివి కావని కూడా చెప్పండి, ఎందుకంటే చూలు నిలిస్తే, దాన్ని కాపాడే హార్మోన్ ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉంటుంది, లెక్కంతా మారుతుంది. 'యువ'కు బదులు వయసు నెలల్లో వేయండి. 'కొలవడం జరిగింది' గురించి ఇదివరకే చాలామంది మొత్తుకున్నారు: కొలిచాం, అంతే.

'తర్వాత' దగ్గర కాస్త ఆగాలి. "ఇచ్చిన 24 గంటలకు" అంటే సరిగ్గా ఆ గంటకు. "24 గంటల్లో" అంటే ఆలోపు ఎప్పుడైనా. "24 గంటల తర్వాత" అంటే ఆ గంటకో, అది దాటాక ఎప్పుడో తేలదు. రక్తంలో హార్మోన్ గంట గంటకూ మారుతుంది, కాబట్టి నమూనా తీసిన వేళకు '-కు' ప్రత్యయమే వాడాలి. ఇంజక్షన్ రెండు రోజులకొకసారి వేస్తే "రోజు విడిచి రోజు" అనండి.

క్రియల్లోనూ మెలకువ కావాలి. పాలు ఊరడానికి తోడ్పడే హార్మోన్ ప్రొలాక్టిన్ మేక మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఊరుతుంది, కాబట్టి "ఎక్కువ ఊరింది" అనవచ్చు. మీరు వేసిన ఈస్ట్రడయాల్‌ను (ఈస్ట్రోజెన్‌లలో ఒకటి) అలా అనకూడదు. అండాశయం నుంచి వచ్చినదీ, సూదితో వెళ్లినదీ ఒకే అణువైతే పరీక్ష రెండింటినీ విడదీయలేదు. అక్కడ "రక్తంలో ఇంత ఉంది" అనే వరకే మీకు హక్కు. 'వల్ల' మరీ పెద్ద మాట. గింజుకుంటున్న మేకను అదిమిపట్టి సూది గుచ్చితే ఆ కంగారుకే ప్రొలాక్టిన్, ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్ పెరుగుతాయి. ఈస్ట్రోజెన్ కలపని ఉత్త ద్రావకం వేసిన మేకల్లో పెరగలేదని చూపించాకే "ఈస్ట్రోజెన్ వల్ల" అనండి, అందాకా "ఈస్ట్రోజెన్ ఇచ్చాక" అనే ఉంచండి.

ఇప్పుడు వాక్యం ఇలా వస్తుంది (గంటలు మీ ప్రయోగానివి వేసుకోండి): "ఇంకా ఈనని, చూడి కాని పాల జాతి మేకలకు ఈస్ట్రడయాల్ ఇచ్చాం. ఇచ్చేముందు ఒకసారి, ఇచ్చిన 6, 12, 24 గంటలకు రక్తం తీసి, ప్లాస్మాలో ప్రొలాక్టిన్ స్థాయిని కొలిచాం." రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసిందైతేనే 'ప్లాస్మా'. గడ్డకట్టనిచ్చి పైన తేరినది తీస్తే 'సీరం'. ఈ రెండు మాటలకూ తెలుగు వెతకనక్కర్లేదు గాని, ఒకదాని బదులు మరొకటి రాయకండి.

అంకెల్లో రెండు జాగ్రత్తలు. ఈస్ట్రడయాల్‌ను సాధారణంగా పీకోగ్రాముల్లో, ప్రొలాక్టిన్‌ను నానోగ్రాముల్లో చెబుతారు. నానోగ్రాముకు 1000 పీకోగ్రాములు, కాబట్టి 'పీ.గ్రా.', 'నా.గ్రా.' అని కుదించకుండా పూర్తిగా రాయండి. 10 ఉన్నది 30 అయితే "మూడింతలైంది" అనాలి. "మూడింతలు పెరిగింది" అంటే కొందరు 40 అని లెక్కేస్తారు.